ఎల్లాప్రగడ సుబ్బారావు

గోదావరి డెల్టాలో వరిచేల నడుమ వెలసిన భీమవరము నేడు పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణము. 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన ఎల్లాప్రగడ సుబ్బారావు ఆ ఊర జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. ఏడుగురు బిడ్డలలో సుబ్బారావు నాలుగవవాడు. జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యముచేత కాలము తీరకముందే ఆయన కొలువు విడువవలసివచ్చెను. ఇంట తినువారు పెక్కురు, తెచ్చువాడు లేడు. అట్టి సంసారములలో పిల్లల చదువు ఎట్లు కుంటుచు సాగునో మనము ఎరుగనిది కాదు.

మహనీయుల చరిత్రలు వ్రాయువారు, వారు ఉయ్యాలలోనే గొప్పవారని చూపుటకు తొందరపడుదురు. సుబ్బారావు విషయమున అట్లు వ్రాసినచో అది అసత్యమగును. ఇతడు మెట్రిక్యులేషను పరీక్ష రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి గట్టెక్కెను. పదుమూడవ యేట ఒకనాడు ఇల్లు విడిచి పారిపోయెను. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఆ బాలుని ఊహ! ఇంటివారు వెదకి పట్టి తెచ్చిరి. వెంకమ్మ పట్టుదలగల ఇల్లాలు. కుమారుడు బడి మానుటకు ఆమె ఎంతమాత్రము ఒప్పుకొనలేదు. తన నగలనమ్మి చదివించినదని చెప్పుదురు. 1913వ సంవత్సరమున జగన్నాథముగారు మరణించిరి.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువునాటికి సుబ్బారావు మనస్సు సంసారమునుండి తొలగి, రామకృష్ణ మఠమువైపు మరలినది. సన్యసించి దీనులకు సేవచేయవలెనని అతని కోరిక. దానికి తల్లి అంగీకరింపలేదు. సేవ చేయవలెనన్నచో వైద్యము నేర్చినను చేయవచ్చును గదా యని అతడు మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. 1919వ సంవత్సరము మే నెలలో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో అతని వివాహము జరిగెను. చదువునకు కావలసిన ధనసహాయము కొంత మామగారే చేసిరి.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట వ్యాపించుచున్న దినములు. సుబ్బారావు విదేశవస్త్రములను విడిచి, శస్త్రచికిత్సాగారమునకు సైతము ఖద్దరు దుస్తులతో పోవుచుండెను. శస్త్రచికిత్సను బోధించు ఆంగ్లేయాచార్యునకు ఇది గిట్టలేదు. వ్రాతపరీక్షలలో సుబ్బారావు చక్కగా నెగ్గినను, పూర్తియైన ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులుగా ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టము మాత్రమే అతనికి దక్కినది. దానితో ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. చివరకు మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలయందు శరీరనిర్మాణశాస్త్రమును బోధించు పని లభించెను.

ఆ యౌవనదినములలోనే అతని జీవితమునకు దారిచూపిన పెద్ద దుఃఖము సంభవించినది. అతని సోదరులిరువురు కొన్ని దినముల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధిచే మరణించిరి. ఇది ఉష్ణదేశములలో పుట్టు వ్యాధి. మన వైద్యులు దీనివంటి రోగములను గ్రహణి యనియు సంగ్రహణి యనియు పిలుచుచుందురు. ఈ రోగము సోకినవాని ప్రేగులు ఆహారమునందలి సారమును గ్రహింపజాలవు. రోగి తినుచునే కృశించును. నాలుక పుండ్లుపడును, రక్తము పలుచబారును, తుదకు శరీరము ఎముకలగూడగును. ఈ రోగమునకు కారణమేమో, మందేమో ఆనాడు మద్రాసులోగాని లండనులోగాని నిశ్చయముగా చెప్పగల వైద్యుడు లేడు. కొంతకాలమునకు ఆ వ్యాధి సుబ్బారావుకును సోకెను. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే ఆయన బ్రదికి బయటపడెను. ఆ మందు ఎట్లు పనిచేసినదో తెలియలేదు; సోదరులు ఎందుకు పోయిరో తెలియలేదు. ఈ రెండు ప్రశ్నలును ఆయనను విడువలేదు.

ఉష్ణదేశ వ్యాధులను గూర్చి శాస్త్రీయముగా నేర్పు పాఠశాల అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున కలదని ఆయనకు తెలిసెను. మామగారి ధనము కొంత, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారి సహాయము కొంత చేరగా, ఇరువదియెనిమిదేండ్ల ప్రాయమున ఆయన ఓడయెక్కెను. అప్పటికి శేషగిరి గర్భవతి. కొలదియేండ్లలో తిరిగివత్తునని చెప్పి ఆయన బయలుదేరెను. పుట్టిన శిశువు ఏడాదియైనను నిండకుండ మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖము చూడనేలేదు.

బోస్టను నగరమున ఆయన దిగునాటికి చేతిలోని ధనము స్వల్పము. మద్రాసు పట్టముతో అచ్చట వైద్యము చేయుటకు వీలులేదు. పగలు చదువు, రాత్రులు పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ అను ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు తీసి కడుగు పని. వైద్యపట్టము పొందినవాడు ఆ పనిచేయుటకు సిగ్గుపడినట్లు ఎవరును చెప్పలేదు. ఉష్ణదేశ వైద్యమునందు యోగ్యతాపత్రము పొందిన పిమ్మట ఆయన హార్వర్డు వైద్యపాఠశాలలో సైరస్ ఫిస్కె అను జీవరసాయన శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో చేరెను.

ఫిస్కె ఆయనకు అప్పగించిన పని చూచుటకు చిన్నది. రక్తమునందును మూత్రమునందును భాస్వరము ఎంత యున్నదో కొలుచుటకు సులభమైన ఉపాయము కనుగొనవలెను. అప్పటి పద్ధతులు దీర్ఘములు, నమ్మదగనివి. సుబ్బారావు అనేక రసాయనద్రవ్యములను పరీక్షించి, ఒక పద్ధతిని కుదిర్చెను. ద్రావణమునందలి ఫాస్ఫేటు మాలిబ్డేటు అను ద్రవ్యముతో కలిసి, మరియొక రసాయనము తగులగనే నీలవర్ణమును పొందును. నీలము చిక్కనైనకొలది భాస్వరము హెచ్చు, పలుచనైనకొలది తక్కువ. వర్ణమును పోల్చి కొలత చెప్పవచ్చును. 1925వ సంవత్సరమున ప్రకటింపబడిన ఈ పద్ధతి ఫిస్కె-సుబ్బారావు పద్ధతియని ప్రపంచమంతట వ్యాపించినది. జీవరసాయనశాస్త్రము చదువు విద్యార్థులు ఆ పేరును నేటికిని నేర్చుకొనుచున్నారు.

ఈ నీలిరంగే ఆయనను మరియొక ద్వారమువద్దకు కొనిపోయెను. కండరముల రసమును పరీక్షించునపుడు రంగు వెంటనే నిలువక, కొంతసేపు క్రమముగా చిక్కనగుచుండెను. మరియొకడైనచో పద్ధతియందేదో లోపమున్నదని విసిగి, ఆ రసమును పారబోసియుండును. సుబ్బారావు అట్లు చేయలేదు. కండరమునందు భాస్వరమును దాచికొన్న పదార్థమొకటి యుండి, అది మెల్లమెల్లగా విరుగుచు ఫాస్ఫేటును విడుచుచుండవలెనని ఫిస్కెయు ఆయనయు ఊహించిరి. 1927వ సంవత్సరమున ఆ పదార్థము బయటపడినది. అది ఫాస్ఫోక్రియాటిన్. కండరము పనిచేయునపుడు అది విరుగును. విశ్రమించునపుడు మరల కూడును. అదే కాలమున ఇంగ్లండులోను ఇట్టి పరిశోధన జరిగి, దాదాపు ఇదే ఫలితము వెల్లడియైనది.

ఇందలి విశేషము గ్రహించుటకు మీ పరుగుపందెమును తలచుకొనుడు. ఈల మ్రోగగనే కాళ్లు నేలను తన్నును. ఆ క్షణమున కండరమునకు శక్తి ఎక్కడిది? ఆర్చిబాల్డ్ హిల్, ఆటో మయర్‌హాఫ్ అను ఇరువురు పండితులు కండరములపై చేసిన పరిశోధనలకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానమును పొందియుండిరి. కండరమున లాక్టిక్ ఆమ్లము పుట్టుటయే సంకోచమునకు మూలమని ఆనాటి సిద్ధాంతము. భాస్వరముతో కూడిన పదార్థములు కనబడిన వెనుక ఆ సిద్ధాంతమును సరిదిద్దవలసివచ్చెను. 1929వ సంవత్సరమున ఫిస్కె, సుబ్బారావులు కండరమునుండి మరియొక పదార్థమును వేరుచేసిరి. అదియే అడినోసిన్ ట్రైఫాస్ఫేటు. మీ శాస్త్రపాఠమున దానిని ఏ.టి.పి. యని పిలుతురు. జర్మనీలో కార్ల్ లోమాన్ అను శాస్త్రజ్ఞుడును అదే సంవత్సరమున దానిని కనుగొనెను. చీమ నడచినను, చెట్టు చిగిర్చినను, మనము రెప్పవేసినను వ్యయమగు శక్తి ఈ పదార్థముద్వారా అందునదే. ఈ సంగతి పూర్తిగా తేటపడుటకు మరి కొన్ని సంవత్సరములును, మరి కొందరు శాస్త్రజ్ఞులును కావలసివచ్చిరి.

1930వ సంవత్సరమున హార్వర్డు ఆయనకు డాక్టరు పట్టమునిచ్చెను. అంతకుమించి ఇచ్చినది స్వల్పము. ఎంతకాలము పనిచేసినను స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. ఫిస్కెకు ఉన్నతి కలుగుటకై, ఉమ్మడి పరిశోధనలలో తన భాగమును సుబ్బారావే తగ్గించి చెప్పుకొనెనని అందురు. అది ఔదార్యమో, మొగమాటమో నిర్ణయించుట కష్టము. దానివలన నష్టపడినవాడు మాత్రము ఆయనయే. స్వదేశమునకు పోదమన్న పరిశోధన మధ్యలో తెగును; ఉందమన్న పదవి లేదు. తల్లికిని భార్యకును ఆయన తిరిగివచ్చు దినము ఏటికేడు వెనుకకు జరుగుచు వచ్చెను.

1940వ సంవత్సరమున ఆయన న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ప్రయోగశాలలకు మారెను. అది మందులు తయారుచేయు సంస్థ. 1942వ సంవత్సరమునుండి అచ్చటి పరిశోధనలకు ఆయనయే అధ్యక్షుడు. ఒక గదిలో ఒంటరిగా గాజునాళికలు పట్టుకొని కూర్చుండు దినములు ముగిసినవి. రసాయనజ్ఞులు, సూక్ష్మజీవశాస్త్రజ్ఞులు, వైద్యులు ఆయన చేతిక్రింద ఒక్క గమ్యమునకై పనిచేయసాగిరి. సోదరుల మరణమునాడు కలిగిన ప్రశ్నను ఆయన ఇప్పుడు పెద్దయెత్తున చేపట్టగలిగెను.

ఆ ప్రశ్నకు సంబంధించిన ఒక ఆధారము విచిత్రముగా మనదేశముననే దొరికియుండెను. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భవతులైన కార్మికస్త్రీల రక్తహీనతను పరీక్షించి, ఈస్టుసారము తినిపించినచో అది నయమగునని 1931వ సంవత్సరమున వెల్లడించెను. ఈస్టులో నున్న ఆ గుణవస్తువేదో ఆమెకు తెలియదు. 1941వ సంవత్సరమున అమెరికాలోని టెక్సాసులో కొందరు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి అట్టి పదార్థమునే లేశమాత్రముగా తీసి, ఆకునుండి వచ్చినదిగాన ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. నాలుగు టన్నుల ఆకునకు లేశమాత్రము! ఈ లెక్కన రోగులకు మందు అందుట యెన్నడు? ప్రకృతినుండి తీయుటతో చాలదు, దాని నిర్మాణమును తెలిసికొని ప్రయోగశాలలో చేయవలెను. సుబ్బారావు బృందము ఆ పనికి పూనుకొనెను. స్టాక్‌స్టాడ్ మొదలగువారు దానిని స్ఫటికరూపమున సాధించిరి. 1945వ సంవత్సరమున ఏంజియర్ మున్నగు రసాయనజ్ఞులు దానిని కృత్రిమముగా తయారుచేసినట్లు ప్రకటించిరి. ఆ ప్రకటనలో ఎందరో సహచరుల పేర్ల నడుమ సుబ్బారావు పేరును ఒకటిగా నున్నది.

ఆ మందును టామ్ స్పైస్ అను వైద్యుడు క్యూబా ద్వీపమందలి స్ప్రూ రోగులకిచ్చి చూచెను. కృశించి మంచములు పట్టినవారికి ఆకలి పుట్టినది, నాలుక పుండ్లు మానినవి, రక్తము వృద్ధిచెందినది. సోదరులను పోగొట్టుకొనిన పాతికయేండ్లకు సుబ్బారావు చేతికి వారి రోగమునకు మందు చిక్కెను.

ఫోలిక్ ఆమ్లముతో కథ ముగియలేదు. బోస్టనులోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు పసిబిడ్డల రక్తక్యాన్సరుతో పోరాడుచుండెను. ఆ రోగము వచ్చిన బిడ్డ కొలది వారములలో, లేదా కొలది మాసములలో మరణించుట ఆనాడు తప్పనిది. ఫోలిక్ ఆమ్లమునకు దగ్గరగానుండు పదార్థములనిచ్చి చూడగా రోగము తగ్గుటకు మారుగా ఉద్ధృతమైనట్లు ఫార్బరునకు తోచెను. అతడు నిరాశపడక, దానినుండి ఒక ఊహ చేసెను. రోగకణములు ఈ విటమినును తిని పెరుగుచున్నచో, విటమినువలె కనబడుచు విటమిను పని చేయని పదార్థము నిచ్చినయెడల అవి మోసపోయి కృశింపవలెను. తాళమునకు సరిపోవునట్లు కనబడియు తిరుగని తాళపుచెవి వంటిది ఆ పదార్థము. తాళములో అది ఇరుకుకొన్న తరువాత అసలు తాళపుచెవికి చోటు లేదు. అట్టి పదార్థములను సుబ్బారావు బృందము తయారుచేసి ఫార్బరునకు పంపెను. వానిలో అమినాప్టెరిన్ అనునది ముఖ్యమైనది. 1948వ సంవత్సరము జూన్ మాసమున ఫార్బర్ తన ఫలితములను ప్రకటించెను. పదునారుగురు బిడ్డలలో పదిమందికి రోగము తాత్కాలికముగా తగ్గెను. తాత్కాలికముగా మాత్రమే, వ్యాధి మరల తిరుగబెట్టెను. అయినను ఒక రసాయనముచే పసిబిడ్డల రక్తక్యాన్సరును వెనుకకు నెట్టవచ్చునని లోకమునకు తెలిసినది. అమినాప్టెరినునకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ అను మందు నేటికిని రక్తక్యాన్సరు చికిత్సలోను, కీళ్లవాతమునకును వాడుకలో నున్నది.

ఈ దినములలోనే మరి రెండు మందులు పెర్ల్ రివరునుండి వెలువడినవి. గోదావరి తీరమున పుట్టినవారికి బోదకాలును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. దోమకాటుచే శరీరమున చేరు సన్నని పురుగులు ఆ రోగమునకు కారణము. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులలో పోరాడిన అమెరికా సైనికులకు ఈ వ్యాధి సోకగా, దానికి మందు వెదకుట అవసరమైనది. 1947వ సంవత్సరమున లెడర్లీవారు డైఇథైల్‌కార్బమజైన్ అను మందును ప్రకటించిరి. రక్తమునందలి పురుగుపిల్లలను అది నశింపజేయును. మనదేశమున 2004వ సంవత్సరమునుండి బోదకాలు వ్యాపించిన జిల్లాలలో ఏటికొకమారు ఇంటింటికిని తిరిగి మ్రింగించుచు వచ్చిన బిళ్లలు ఈ మందువే. వానిని పుచ్చుకొన్న గోదావరి మండల ప్రజలలో దాని పుట్టుకలో భీమవరమువాని చేయి యున్నదని ఎరిగినవారు ఎందరో!

రెండవది యోరియోమైసిన్. అప్పటికి పెనిసిలిన్ ప్రసిద్ధికెక్కినది. కాని అది లొంగదీయలేని సూక్ష్మజీవులు పెక్కు మిగిలియుండెను. బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు విశ్వవిద్యాలయమున పదవీవిరమణ చేసి, డెబ్బదియేండ్లు దాటిన ప్రాయమున లెడర్లీలో చేరెను. ఆ వయస్సువానికి ప్రయోగశాల నిచ్చుటకు సాహసించువారు అరుదు. దేశమందలి పలుచోట్లనుండి మట్టిని తెప్పించి, అందలి సూక్ష్మజీవులను ఒక్కొక్కదానిని పరీక్షించుట అతని పని. మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలమునుండి వచ్చిన మట్టిలో, 1945వ సంవత్సరమున, బంగారువన్నె పదార్థమును స్రవించు జీవియొకటి దొరకెను. దానినుండి తీసిన మందుకు బంగారమును సూచించు పేరే పెట్టిరి. పెనిసిలిన్ లొంగదీయలేని పలురకముల సూక్ష్మజీవులను, టైఫస్ జాతి జ్వరములను కలిగించు జీవులను సైతము అది అణచివేసెను. టెట్రాసైక్లిన్ అని నేడు పిలువబడు మందుల కుటుంబమునకు ఇదియే మొదటిది. 1994వ సంవత్సరమున సూరతు నగరమున ప్లేగు భయము వ్యాపించినపుడు జనులు దుకాణములవద్ద బారులుతీరి కొనుక్కొన్నది ఈ కుటుంబపు మందునే.

స్ప్రూ వ్యాధికి నేటి వైద్యులు సాధారణముగా నెలలతరబడి వాడించునవి రెండు. ఒకటి ఫోలిక్ ఆమ్లము, రెండవది టెట్రాసైక్లిన్. సోదరులను కాపాడుటకు కావలసిన రెండు మందులును ఆయన నడిపిన ప్రయోగశాలలలో జాడ తెలిసినవే. వానిలో రెండవది ఈ రోగమునకు పనికివచ్చునని ఆయన జీవితకాలమున తేటపడలేదు.

1948వ సంవత్సరము జూలై మాసమున న్యూయార్కులో శాస్త్రజ్ఞుల సభయందు యోరియోమైసిన్ లోకమునకు ప్రకటింపబడెను. మందు పేరుతో డగ్గరు పేరు వ్యాపించినది. సుబ్బారావు పత్రికలకు ఎక్కుటకు ఇష్టపడువాడు కాడు. ఆగస్టు మాసమున ఒక రాత్రి నిద్రించిన ఆయన మరల లేవలేదు. గుండెజబ్బుచే నిద్రలోనే మరణించెను. అప్పటికి ఆయన వయస్సు ఏబదిమూడేండ్లు. 1946వ సంవత్సరమున వచ్చిన చట్టముచే భారతీయులకు అమెరికా పౌరసత్వము పొందు వీలు కలిగినను, ఆయన దానిని పుచ్చుకొనలేదు. దేశము స్వతంత్రమై అప్పటికి ఏడాది కావచ్చుచుండెను. ఆయన ఆ స్వతంత్రదేశమును చూడలేదు.

1953వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు క్రొత్తగా గుర్తించిన ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టిరి. 1995వ సంవత్సరమున శతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్లను వెలువరించెను. కొలదియేండ్లలో వత్తునని చెప్పి ఓడయెక్కిన భర్తను శేషగిరి మరల చూడలేదు.